సల్కాటా పిల్ల కళ్లు తెరవట్లేదు, తినట్లేదు, ముక్కు దగ్గర బుడగలు... వెట్ దగ్గరికి వెళ్లేలోపు ఏం చేయాలి?

చిట్టిడిప్ప:

నమస్తే అండి అందరికీ. మా దగ్గర సల్కాటా తాబేలు పిల్ల ఒకటి ఉంది, అయిదు నెలలు దాటాయి, అరచేతిలో పట్టేంత ఉంటుంది, పేరు బుజ్జి. పూర్తిగా ఇంట్లోనే పెంచుతున్నాం. గాజు ట్యాంకు, పైన జాలీ మూత, ఒక చివర వేడి బల్బు, దాని పక్కనే యూవీబీ బల్బు (ఎండలో ఉండే అతినీలలోహిత కిరణాలు ఇచ్చేది), అదే మెలికలు తిరిగి సీఎఫ్ఎల్ లాగా ఉంటుందే అది. కింద ఎండుగడ్డి పెల్లెట్లు పరిచాం. రాత్రి పడుకునేటప్పుడు లైట్లన్నీ ఆపేస్తాం. వారానికి రెండు మూడు సార్లు నీళ్లలో కూర్చోబెడతాం.

మొన్నమొన్నటిదాకా బాగానే తిరిగేది, నేను గదిలోకొస్తే చాలు మెడ చాచుకుని గాజు దగ్గరికి వచ్చేసేది. ఇప్పుడు పొద్దున బల్బు వేసినా కదలట్లేదు, చల్లగా ఉండే మూలకి పోయి తల లోపలికి లాక్కుని పడుకునే ఉంటోంది. కళ్లు మూసుకునే ఉన్నాయి, రెప్పలు కొంచెం ఉబ్బినట్టు కూడా ఉన్నాయి. ఆకు తీసుకెళ్లి నోటి దగ్గర పెట్టినా పట్టించుకోవట్లేదు. నిన్న రాత్రి ముక్కు రంధ్రం దగ్గర చిన్న బుడగ వచ్చి పగిలిపోవడం చూశాను, అప్పటి నుంచి నాకు కాళ్లూ చేతులూ ఆడట్లేదు. ఒంటికి పోసేటప్పుడు తెల్లగా సున్నంలా వస్తోంది, వేళ్ల మధ్య నలిపి చూస్తే ఇసకలా తగిలింది.

తెలిసినవాళ్లని అడిగితే తలో మాట చెప్తున్నారు. ఒకరేమో చలికాలం నిద్ర అది, కదపకు, వదిలేయ్ అంటారు. ఇంకొకరు కళ్లు వాచాయంటే విటమిన్ ఏ తక్కువ, చుక్కలు వెయ్ అంటారు. మా ఇంటి దగ్గర కుక్కని పెంచే ఆయన వాళ్ల కుక్కకి వాడే ఐవర్‌మెక్టిన్ ఉంది, కడుపులో పురుగులు పోతాయి, రెండు చుక్కలు చాలు అన్నారు. నేను ఇంకా ఏదీ ఇవ్వలేదు. తాబేళ్లు చూసే వెట్ అపాయింట్‌మెంట్ ఎల్లుండికి దొరికింది. అప్పటిదాకా నేను ఇంట్లో ఏం చేయగలను, ఏం చేయకూడదు, దయచేసి ఎవరైనా చెప్పండి, చాలా భయంగా ఉంది.

డిప్పకాపరి:

ముందు ఒక్క ముక్క, మిగతాదంతా తర్వాత చదవండి. ఐవర్‌మెక్టిన్ వద్దే వద్దు. తాబేళ్లకి అది విషం, కాళ్లు చచ్చుబడి, ఊపిరి ఆగిపోయి చనిపోతాయి. కుక్కకీ ఆవుకీ బాగా పనిచేసే మందే, తాబేలుకి మాత్రం చుక్క కూడా వేయకూడదు. ఆ సీసా మీ ఇంటికి రాకుండానే చూసుకోండి. విటమిన్ చుక్కలు కూడా ఇప్పుడు వద్దు, ఎందుకో కింద చెప్తా.

నిద్ర సంగతి: సల్కాటాలు చలికాలం నిద్రకి పోయే జాతి కాదు. వాటిది సహారా ఎడారి దక్షిణపు అంచు, అక్కడ ఏడాదంతా వెచ్చగానే ఉంటుంది. గ్రీకు తాబేలు, హెర్మన్, రష్యన్ తాబేలు లాంటివి నిద్రపోతాయి, అది కూడా ఒంట్లో బాగున్నవి మాత్రమే. సల్కాటా పిల్ల చలికాలంలో కదలకుండా పడుకుందీ అంటే దానికి చలేస్తోంది, లేదా జబ్బు చేసింది, చాలాసార్లు రెండూ.

నేను చాలా ఏళ్లుగా ఇలాంటి పిల్లల్ని చూస్తున్నాను, మీరు రాసిన లక్షణాలన్నీ కలిపి చూస్తే ఒకటే కనిపిస్తోంది, చలి ప్లస్ ఎండిపోవడం. కంటి వాపు, తినకపోవడం, ఇసక లాంటి తెల్ల పదార్థం, ఇవన్నీ ఒంట్లో నీళ్లు తగ్గినప్పుడు వచ్చేవే. ఆ తెల్లది యూరేట్స్ అంటారు, మన మూత్రంలో యూరియా పోయినట్టు వాటికి యూరిక్ యాసిడ్ అలా బయటికి పోతుంది. నీళ్లు సరిపడా ఉన్న తాబేలుకి అది మెత్తగా పేస్టులా వస్తుంది, ఒళ్లు ఎండిపోతున్న కొద్దీ గరుకుగా ఇసకలా మారుతుంది, ఇంకా అలాగే వదిలేస్తే లోపలే గట్టిపడి రాయి అవుతుంది. ముక్కు దగ్గర బుడగ మాత్రం వేరే సంగతి, అది ఊపిరితిత్తుల వైపు చూపిస్తోంది, దానికి డాక్టరే కావాలి.

మీ చేతుల్లో ఉన్నది వేడి, నీళ్లు. ఈ రెండూ ఈ రాత్రికే సరిచేయండి. ఎందుకంటే తాబేలు తన ఒంట్లో వేడి తను పుట్టించుకోలేదు, చుట్టూ ఎంత వేడి ఉంటే దాని ఒళ్లూ అంతే. ఒళ్లు చల్లబడితే అరుగుదల ఆగిపోతుంది, రోగాన్ని తట్టుకునే శక్తి పడిపోతుంది, ఎల్లుండి డాక్టర్ ఇచ్చే యాంటీబయాటిక్ కూడా సరిగ్గా పనిచేయదు. కాబట్టి మందు కంటే ముందు వేడి.

బుజ్జికి ఇప్పుడు ట్యాంకులో ఏ మూల చూసినా 29, 30 డిగ్రీలు ఉండాలి, పగలూ రాత్రీ. బల్బు కింద 35 నుంచి 37. రాత్రి వెలుగు లేకుండా వేడి మాత్రమే ఇచ్చే సిరామిక్ హీటర్ బల్బు దొరుకుతుంది, దానికి థర్మోస్టాట్ (వేడి హద్దు దాటకుండా చూసే పరికరం) తగిలించి పెట్టండి. ఎర్ర బల్బు, నీలం బల్బు వద్దు, తాబేళ్లకి రంగులు తెలుస్తాయి, చీకటి ఉంటేనే నిద్రపోతాయి. వేడి రాయి, కింద పెట్టే హీట్ మ్యాట్ కూడా వద్దు, పొట్ట వైపు కాలుతున్నా వాటికి వెంటనే తెలియదు, డిప్ప కాలిపోయాక మనం చూస్తాం.

కొలిచేటప్పుడు గోడకి అంటించే గుండ్రటి డయల్ మీటర్‌ని నమ్మొద్దు. బుజ్జి వీపు ఎంత ఎత్తులో ఉంటుందో అక్కడ కొలవండి, ప్రోబ్ ఉన్న డిజిటల్ థర్మామీటర్ అయితే మంచిది. రాత్రి మూడింటికి ఎంత ఉందో చూడండి, మీ సమస్య అక్కడే ఉంటుందని నా అనుమానం.

నీళ్లు ఎలాగంటే, నిటారు గోడలున్న టబ్ తీసుకోండి, తల పైకెత్తినా బయటికి కనిపించనంత ఎత్తు ఉంటే అది గోడ ఎక్కాలని తంటాలు పడదు. గోరువెచ్చని నీళ్లు, మీ మోచేతికి వెచ్చగా తగలాలి, కాలకూడదు. పై డిప్ప, కింది డిప్ప కలిసే గీత దాకా పోయండి, అంతకంటే వద్దు. అరగంట, రోజుకి రెండుసార్లు. నీళ్లు చల్లారతాయి కాబట్టి మధ్యలో ఒకసారి పక్కకి తీసి మళ్లీ వెచ్చటివి కలపండి. ఇది నీరసంగా ఉన్న పిల్ల, తల వాలిపోయి ముక్కు నీళ్లలో మునిగిపోవచ్చు, కాబట్టి ఆ అరగంట మీరు పక్కనే కూర్చోండి, ఫోన్ వచ్చినా లేవొద్దు. తల వాలిపోతుంటే నీళ్లు ఇంకా తగ్గించండి. అయ్యాక మెత్తటి గుడ్డతో తుడిచి నేరుగా వెచ్చటి ట్యాంకులోకి.

బలవంతంగా నోరు తెరిచి తినిపించకండి. ఒళ్లు చల్లగా, ఎండిపోయి ఉన్నప్పుడు పేగు కదలదు, పెట్టింది లోపలే కుళ్లుతుంది, కొన్నిసార్లు ఊపిరితిత్తుల్లోకి కూడా పోతుంది. ముందు వేడి, తర్వాత నీళ్లు, ఆకలి చివర్లో వస్తుంది.

ఎండపొడ:

పైన అన్న చెప్పింది చాలావరకు ఓకే కానీ ఒక డౌట్. సల్కాటా ఎడారి తాబేలు కదా, నేను చదివినచోట అంతా పొడిగా పెంచాలి, తడి ఎక్కువైతే న్యుమోనియా వస్తుంది అనే ఉంది. ముక్కులో బుడగలు వస్తున్న పిల్లని రోజుకి రెండుసార్లు నీళ్లలో పెట్టడం రిస్క్ కాదా? నేనైతే పూర్తిగా పొడిగా చేసి బల్బు కింద పెట్టేవాడిని.

డిప్పకాపరి:

మంచి ప్రశ్న అడిగారు, ఎందుకంటే ఈ మాట నమ్మే చాలా పిల్లలు పోతున్నాయి.

తడి వల్ల జబ్బు రాదండీ, చల్లటి తడి వల్ల వస్తుంది. 22 డిగ్రీల్లో తడి నేల మీద కూర్చున్న పిల్లకి ఊపిరితిత్తులు పాడవుతాయి, అదే తడి 28, 29 డిగ్రీల్లో ఉంటే దానికి హాయి. ఎడారి అంటే మనకి పైన కనిపించే ఇసకే గుర్తొస్తుంది, కానీ సల్కాటా ఆ ఎండలో ఉండదు, లోతుగా బొరియ తవ్వుకుని ఎండ వేళంతా అందులో ఉంటుంది, ఆ లోపల మట్టి చెమ్మగా ఉంటుంది, గాలి కూడా చెమ్మే. గుడ్డులోంచి వచ్చిన పిల్లలు కూడా పొదల కిందా, వేళ్ల సందుల్లోనూ చెమ్మ చూసుకునే దాక్కుంటాయి. మనం ఇంట్లో చేసేదేంటంటే బొరియ తీసేసి ఎండ ఒక్కటే ఇస్తాం, అదీ పైనుంచి రోజంతా వేడి బల్బు, పైన జాలీ, ఉన్న కాస్త చెమ్మా ఆవిరైపోతుంది. అరచేతంత పిల్ల ఒంట్లో ఎన్ని నీళ్లుంటాయి చెప్పండి, అప్పడం ఆరినట్టు ఆరిపోతుంది.

2003లో ఒక స్టడీ వచ్చింది, అప్పుడే పుట్టిన 50 సల్కాటా పిల్లల్ని 5 నెలల పాటు వేరువేరు తేమలో, వేరువేరు ప్రొటీన్ ఉన్న మేతతో పెంచి చూశారు. డిప్ప మీద గుట్టలు గుట్టలుగా లేవడానికి ప్రొటీన్ ఎక్కువ కావడమే కారణం అని అప్పటిదాకా అందరూ అనుకునేవాళ్లు. తేలిందేంటంటే పొడిగా పెరిగిన వాటికి మేత ఏదైనా సరే గుట్టలు ఎక్కువ లేచాయి, ప్రొటీన్ ప్రభావం చాలా తక్కువ. డిప్ప మీద పైకి కనిపించేది అది, లోపల మూత్రపిండాల మీద పడే భారం బయటికి కనిపించదు.

ఎండపొడ గారు చెప్పినట్టు పొడిగా చేసి బల్బు కింద పెడితే ఆ పిల్ల ఇంకా ఎండుతుంది, దయచేసి అలా చేయకండి. ముక్కులో, ఊపిరితిత్తుల్లో ఉన్న చీమిడి పలచబడి బయటికి రావాలన్నా తేమ కావాలి.

పాములూతాబేళ్లూ:

నేను పాములు, తాబేళ్లు లాంటివి చూసే క్లినిక్‌లో టెక్నీషియన్‌గా చేస్తున్నాను. డిప్పకాపరి గారితో ఏకీభవిస్తున్నా. ఊపిరి సంగతి కొంచెం చెప్తాను, ఎందుకంటే ఎల్లుండి దాకా ఆగొచ్చా లేదా అన్నది దాని మీదే ఉంది.

తాబేలుకి మనకున్నట్టు డయాఫ్రమ్, అంటే ఊపిరితిత్తుల కింద ఉండే కండర పొర, ఉండదు, దగ్గలేదు. మనకి కఫం పడితే దగ్గి బయటికి తోసేస్తాం, దానికి ఆ దారే లేదు, డిప్ప లోపలి కండలతోనే గాలి లోపలికీ బయటికీ ఆడుతుంది, కాళ్లు మెడ కదిపితే దానికి ఇంకొంచెం సాయం. అందుకే తాబేలుకి చిన్నగా కనిపించే జలుబు కూడా చిన్నది అనుకోకూడదు, లోపల పేరుకున్నది పేరుకున్నట్టే ఉంటుంది, పైగా కదలకుండా పడుకుంటే ఇంకా పేరుకుంటుంది.

చిట్టిడిప్ప గారూ, ఇప్పుడే ఫోన్ పక్కన పెట్టి బుజ్జిని కాసేపు గమనించండి. నీళ్లు తాగేటప్పుడు, స్నానం తర్వాత వచ్చే ఒకటి రెండు నీటి బుడగలు వేరు, పొడిగా ఉన్నప్పుడు మళ్లీ మళ్లీ వచ్చే బుడగలు వేరు. నోరు తెరిచి ఊపిరి తీస్తోందా? ప్రతి ఊపిరికీ మెడ ముందుకి సాచి తల పైకెత్తుతోందా? చెవి దగ్గర పెట్టుకుంటే టిక్ టిక్ అనో ఈల లాగానో శబ్దం వస్తోందా? నీళ్లలో పెడితే ఒక పక్కకి ఒరిగిపోతోందా? కాలు పట్టుకుని మెల్లగా లాగితే వెనక్కి లాక్కోవట్లేదా? వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఎల్లుండి దాకా ఆగొద్దు, క్లినిక్‌కి ఫోన్ చేసి ఎమర్జెన్సీ అని చెప్పండి, ఆ మాటే వాడండి, లేకపోతే రిసెప్షన్లో సీరియస్‌గా తీసుకోరు.

విటమిన్ ఏ గురించి. కళ్లు వాస్తే విటమిన్ ఏ అన్నది నీటి తాబేళ్ల నుంచి వచ్చిన మాట, ఎండబెట్టిన రొయ్యలు మాత్రమే తినే నీటి తాబేళ్లలో అది నిజంగానే చూస్తాం. పచ్చి ఆకులు తినే నేల తాబేలుకి ఆ లోటు రావడం తక్కువ. డోసు ఎక్కువైతే చర్మం ఊడి వస్తుంది, ఇంజెక్షన్‌గా ఇచ్చిన కేసుల్లో చర్మం పొరలు పొరలుగా లేచి పచ్చి పుండై వచ్చిన తాబేళ్లని నేను చూశాను, చూడలేం. అందుకే లెక్క డాక్టర్‌కే వదిలేయండి.

ఇంకోటి, ఆ మెలికల యూవీబీ బల్బు ఈ రెండ్రోజులూ ఆపేయండి. అలాంటి కొన్ని బల్బుల వల్ల కళ్లకి దెబ్బ తగిలి రెప్పలు వాచిన కేసులు ఉన్నాయి, మీది అదే అని అనట్లేదు, కానీ రెండు రోజులు యూవీబీ లేకపోతే నష్టం లేదు, తీసి చూడటమే మంచిది.

డిప్ప ఎలా ఉంది? బొటనవేలితో పక్కల నుంచి చాలా మెల్లగా నొక్కి చెప్పండి. బరువు ఎంత?

చిట్టిడిప్ప:

అందరికీ చాలా చాలా థ్యాంక్స్, నేను ఏడుస్తూ చదివాను నిజంగా. చెప్తాను.

నోరు తెరిచి ఊపిరి తీయట్లేదు, శబ్దం కూడా వినిపించట్లేదు, కాలు లాగితే వెనక్కి లాక్కుంటోంది కానీ బలంగా కాదు. బుడగ పొడిగా ఉన్నప్పుడు ఇంకోసారి వచ్చింది, కుడి వైపు మాత్రమే. నీళ్లలో నిటారుగానే కూర్చుంది, కాసేపయ్యాక మెడ బయటికి పెట్టి చాలాసేపు నీళ్లు తాగింది, గొంతు కదలడం కనిపించింది. పై డిప్ప గట్టిగానే ఉంది, పొట్ట వైపు మధ్యలో మాత్రం నొక్కితే కొంచెం లోపలికి పోయి మళ్లీ వస్తోంది. వంటింటి డిజిటల్ కాటా మీద 62 గ్రాములు వచ్చింది, ఇంతకుముందు బరువు చూసి రాసుకున్నది లేదు.

ప్రోబ్ థర్మామీటర్ పెట్టాం. బల్బు ఆపిన రెండు గంటలకి చల్లటి మూల 21 చూపించింది. తేమ మీటర్ 30 శాతం దగ్గర ఉంది. ఇప్పుడు సిరామిక్ బల్బు వేశాం, 28 దాకా వచ్చింది కానీ తేమ మాత్రం ఎంత నీళ్లు చల్లినా అరగంటకే పడిపోతోంది, ఏం చేయాలి?

రెండుసల్కాటాలు:

తేమ నిలవాలంటే పైన చల్లడం వల్ల కాదండీ, అది పోతూనే ఉంటుంది. రెండు పనులు చేయాలి. ఒకటి ఆ జాలీ మూత, వేడి గాలి చెమ్మతో సహా దానిలోంచే పోతోంది. బల్బులున్న చోటు వదిలి మిగతా అంతా వంటకి వాడే అల్యూమినియం ఫాయిల్‌తో మూసేయండి, బల్బు దగ్గర ప్లాస్టిక్ గానీ గుడ్డ గానీ అస్సలు రాకూడదు, అంటుకుంటుంది. రెండోది కింద పరిచింది. పెల్లెట్లు చెమ్మ తగిలితే ఉబ్బి బూజు పడతాయి, అవి తీసేసి కోకోపీట్ ఒక నాలుగైదు అంగుళాలు పరిచి, మూలల్లో వెచ్చటి నీళ్లు పోయండి, కింది పొర తడిగా, పై పొర దాదాపు పొడిగా ఉండాలి. అప్పుడు కింద నుంచి మెల్లగా ఆవిరి వస్తూ తేమ 80 దగ్గర నిలబడుతుంది. బుజ్జి పొట్ట ఆనేచోట మాత్రం చిత్తడి ఉండకూడదు, అరచెయ్యి పెట్టి చూసుకోండి. ఇసక, గులకరాళ్లు ఎవరైనా సలహా ఇస్తే వినొద్దు, ఆకుతో పాటు మింగేసి పేగులో అడ్డం పడతాయి.

కానీ ఇవన్నీ ఈ రెండు రోజుల్లో చేయాలని కంగారుపడకండి. జబ్బు పిల్ల కాబట్టి డాక్టర్ చూసేదాకా తడిపి పిండిన కాగితం టవల్స్ పరిస్తే చాలు, రోజూ మార్చొచ్చు, విరేచనం ఎలా వస్తోందో కూడా కనిపిస్తుంది. దాక్కోవడానికి ఒక బోర్లించిన డబ్బా పెట్టి లోపల తడి స్పాంజ్ అంటించండి, అదే దాని బొరియ.

పొట్ట వైపు మెత్తదనం గురించి నేను భయపెట్టను కానీ వెట్‌కి తప్పకుండా చెప్పండి. చాలా చిన్న పిల్లలకి కింది డిప్ప మధ్యలో కొంచెం స్ప్రింగ్ ఉంటుంది, అయిదు నెలలకి అది గట్టిపడుతూ ఉండాలి. యూవీబీ చాలకపోతే ఒంట్లో విటమిన్ డీ3 తయారవదు, అది లేకపోతే తిన్న కాల్షియం ఒంటికి పట్టదు, అప్పుడు ఎముకల్లోంచే లాక్కుంటుంది, డిప్ప కూడా ఎముకే కదా. కిటికీ దగ్గర పెడుతున్నాం, ఎండ తగులుతోంది అంటారు చాలామంది, గాజు దాటి యూవీబీ దాదాపు రాదు. అలాగని గాజు ట్యాంకుని తీసుకెళ్లి ఎండలో పెట్టొద్దు, నిమిషాల్లో లోపల ఉడికిపోతుంది. కోలుకున్నాక పొడుగు ట్యూబ్ తరహా యూవీబీ లైటు పెట్టండి, డబ్బా మీద రాసిన దూరంలోనే, ఏడాదికోసారి మార్చాలి, వెలుగు అలాగే కనిపించినా యూవీబీ మాత్రం తగ్గిపోతుంది.

మేత కూడా ఇప్పటి నుంచే ఆలోచించి పెట్టుకోండి. ఇది గడ్డి తినే జంతువు. లేత గడ్డి, మందార ఆకులూ పూలూ, మల్బరీ ఆకులు, ముళ్లు తీసిన నాగజెముడు మట్టలు, మందులు కొట్టని కలుపు మొక్కలు. పాలకూర రోజూ వద్దు, అందులో ఉండే ఆక్సలేట్లు కాల్షియంని పట్టుకుని ఒంటికి అందనివ్వవు. పళ్లు వద్దు, కుక్క బిస్కెట్లు, అన్నం, బ్రెడ్ అసలే వద్దు.

పాములూతాబేళ్లూ:

నీళ్లు తాగిందన్నారు చూశారా, చాలా సంతోషం. నోరు తెరవట్లేదు కాబట్టి ఎల్లుండి దాకా పరవాలేదు, అంతకంటే ముందు ఏదైనా మారితే మాత్రం పరిగెత్తండి.

వెట్ దగ్గరికి వెళ్లేటప్పుడు ట్యాంకు ఫొటోలు, బల్బుల డబ్బాల ఫొటోలు, మీరు రాసుకున్న వేడి, తేమ లెక్కలు తీసుకెళ్లండి, సగం జబ్బు అక్కడే దొరుకుతుంది. విరేచనం వస్తే చిన్న డబ్బాలో మూత పెట్టి తీసుకురండి, ఆ రోజుదే అయితే మంచిది, పురుగులు ఉన్నాయా లేదా మైక్రోస్కోప్ కింద చూసి చెప్తారు, ఉంటే ఫెన్‌బెండజోల్ లాంటిది లెక్కకట్టి ఇస్తారు. బరువు రోజూ పొద్దున నీళ్లలో పెట్టకముందు చూడండి, తర్వాత చూస్తే తాగిన నీళ్లు కూడా కలుస్తాయి.

తీసుకెళ్లే డబ్బా ముందే వెచ్చగా చేసుకోండి. వేడినీళ్ల సీసాకి టవల్ చుట్టి ఒక పక్కన పెట్టండి, బుజ్జికి నేరుగా తగలకుండా. దారిలో చల్లబడితే రెండు రోజులు మీరు పడిన కష్టం కొంత పోతుంది.

ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోండి, టబ్‌ని వంటింటి సింకులో కడగొద్దు. ఆరోగ్యంగా కనిపించే తాబేళ్లలో కూడా సాల్మొనెల్లా అనే, మనకి విరేచనాలు తెచ్చే బ్యాక్టీరియా ఉంటుంది, ఇంట్లో అయిదేళ్లలోపు పిల్లలుంటే ఇంకా జాగ్రత్త. వేరే తాబేలు ఉంటే దాన్ని వేరే గదిలో ఉంచండి.

చిట్టిడిప్ప:

అప్‌డేట్ ఇస్తున్నాను, ఆలస్యమైంది, క్షమించండి.

వెట్ ఎక్స్-రే తీశారు, కుడి ఊపిరితిత్తిలో ఇన్ఫెక్షన్ మొదలైంది, ఇంకా ముదరలేదు అన్నారు. డీహైడ్రేషన్ ఉంది, చర్మం కింద ఫ్లూయిడ్ ఎక్కించారు. ఎముకల సాంద్రత కొంచెం తక్కువ కనిపిస్తోందట, కాల్షియం సిరప్ రాశారు, విటమిన్ ఏ అక్కర్లేదు అన్నారు. విరేచనంలో పురుగులు లేవు. యాంటీబయాటిక్ సెఫ్టాజిడిమ్, మూడు రోజులకొకసారి, ముందు కాలి కండలోకి. మొదటిది వాళ్లే చేశారు, రెండోది నాతో చేయించి నేర్పించారు, సూది పట్టుకుంటే చెయ్యి వణికింది కానీ చేయగలిగాను.

డాక్టర్ అడిగిన మొదటి ప్రశ్న రాత్రి ఎంత వేడి ఉంటుంది అని. మీరు చెప్పబట్టి నా దగ్గర కాగితం మీద రాసి ఉంది.

ఇప్పుడు ట్యాంకు 29 నుంచి 30, తేమ 80 దాటుతోంది, ఫాయిల్ పెట్టగానే మారిపోయింది. ఎడమ కన్ను ముందు తెరిచింది, కుడిది ఇంకో రెండ్రోజులకి. నిన్న పొద్దున స్నానం అయ్యాక మందార పువ్వు రేక ముందు పెడితే చాలాసేపు దాన్నే చూసి, ఒక్కసారిగా కొరికింది, మిస్ అయ్యింది, మళ్లీ కొరికి లోపలికి లాక్కుంది. యూరేట్స్ మెత్తగా వస్తున్నాయి. బరువు 66.

నా ప్రశ్న ఏంటంటే, తింటోంది, బుడగలు లేవు, ఇంకా ఇంజెక్షన్లు ఉన్నాయి, పాపం ప్రతిసారీ కాలు లోపలికి లాక్కుంటోంది. కొనసాగించాలా? రాత్రి వేడి ఎప్పుడు తగ్గించొచ్చు?

పాములూతాబేళ్లూ:

రేక తిన్నదన్న లైను క్లినిక్‌లో అందరికీ చదివి వినిపించాను.

కోర్సు మధ్యలో ఆపొద్దు. తాబేలు తినడం మొదలుపెట్టడం, బుడగలు ఆగడం చాలా ముందే జరుగుతాయి, లోపల ఇన్ఫెక్షన్ అప్పటికి పోయి ఉండదు, అది దగ్గలేదని చెప్పాను కదా, ఊపిరితిత్తి శుభ్రపడటానికి చాలా టైం పడుతుంది. సగంలో ఆపితే మళ్లీ వచ్చేది అదే మందుకి లొంగకపోవచ్చు. డాక్టర్ చెప్పిన డోసులన్నీ పూర్తిచేసి, మళ్లీ ఎక్స్-రే తీయించి, వాళ్లు చాలు అన్నాకే ఆపండి. కాలు మార్చి మార్చి చేయండి, ఒకసారి కుడి, ఒకసారి ఎడమ. స్నానం తర్వాత ఒళ్లు వెచ్చగా, మెత్తగా ఉన్నప్పుడు కాలు సులువుగా బయటికి వస్తుంది, లాగాల్సిన పని ఉండదు. సూది మందు గది వేడికి వచ్చాక చేయండి, ఫ్రిజ్‌లోంచి తీసి వెంటనే వద్దు. కలిపిన సెఫ్టాజిడిమ్ ఎలా దాచాలో, ఎన్ని రోజులు వాడొచ్చో మీ క్లినిక్‌ని అడిగి సీసా మీద రాసుకోండి.

డిప్పకాపరి:

రాత్రి వేడి సంగతి నేను చెప్తా. మందులు నడుస్తున్నన్నాళ్లూ, ఆ తర్వాత ఎక్స్-రే క్లియర్ అని చెప్పేదాకా 29 కింద వద్దు. అన్నీ అయ్యాక కూడా సల్కాటా పిల్లకి రాత్రి 27 కంటే తగ్గనివ్వకండి, కనీసం మొదటి రెండేళ్లు. స్నానం ఇప్పుడు రెండుసార్లు చేస్తున్నది బరువు నిలకడగా పెరుగుతున్నప్పుడు రోజుకి ఒకసారికి తగ్గించండి, పూర్తిగా మానొద్దు.

కరెంటు పోతే ఏం చేస్తారో ఇప్పుడే అనుకుని పెట్టుకోండి, వేడినీళ్ల సీసాలు, మందపాటి దుప్పటి ట్యాంకు చుట్టూ కప్పడానికి, గాలి ఆడేలా ఒక పక్క వదిలి. థర్మోస్టాట్ పాడైతే ఇంకోటి ఇంట్లో ఉండాలి. మెలికల బల్బు మాత్రం మళ్లీ పెట్టకండి, ట్యూబ్ వచ్చాక మొదటి వారం రోజుకి రెండు మూడు గంటలతో మొదలుపెట్టి కళ్లు ఎలా ఉన్నాయో చూసుకుంటూ పెంచండి.

రెండో ఎక్స్-రే అయ్యాక ఇక్కడే రాయండి, ఇదే జబ్బుతో వెతుక్కుంటూ వచ్చేవాళ్లకి మీ లెక్కలు పనికొస్తాయి.